అన్నం పెట్టినవాళ్ళ చరిత్ర

1964 వేసవి సెలవుల్లో అమెరికాలోని ఉత్తరాది, పడమటి కాలేజీల నుంచి దాదాపు వెయ్యి మంది విద్యార్థులు మిసిసిపీ రాష్ట్రానికి వెళ్ళారు. ఎక్కువమంది తెల్లవాళ్ళు, కాస్త కలిగిన కుటుంబాల పిల్లలు. పదిమందిలో నలుగురి దాకా అమ్మాయిలు. అక్కడి నల్లజాతి ప్రజల్ని ఓటర్లుగా నమోదు చేయించడం, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పడం వీళ్ళ పని. ఎవరి ఖర్చులు వాళ్ళే పెట్టుకోవాలి. అరెస్టయితే జామీను కోసం 500 డాలర్లు సిద్ధంగా ఉంచుకోవాలి. 21 ఏళ్ళు నిండనివాళ్ళు తల్లిదండ్రుల సంతకం తేవాలి. ఆ సంతకం దగ్గరే చాలామంది అమ్మాయిల ప్రయాణం ఆగిపోయిందని మనకు వేరే చెప్పనక్కర్లేదు. చరిత్రలో దీనికి ‘ఫ్రీడమ్ సమ్మర్’ అని పేరు.

నల్లజాతి స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేస్తున్న రోజుల్లో ఈ వేసవి గురించి దొరికినవన్నీ చదివాను. వాటిలో ఎక్కువ భాగం ఆ విద్యార్థుల గురించే. ఎవరు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు, తిరిగొచ్చాక వాళ్ళ జీవితాలు ఎలా మారాయి అన్నవే ప్రశ్నలు. డగ్ మెక్‌ఆడమ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆనాటి దరఖాస్తులు వెతికి పట్టుకుని, వెళ్ళినవాళ్ళనీ, దరఖాస్తు పెట్టి కూడా వెళ్ళనివాళ్ళనీ పోల్చి చూశాడు. 1988లో వచ్చిన ఆయన పుస్తకం ఎంతో విలువైనది. అయినా నన్నొక ప్రశ్న వదల్లేదు. ఈ వెయ్యిమందీ ఆ వేసవంతా ఎక్కడ పడుకున్నారు? ఎవరు వండిపెడితే తిన్నారు? వాళ్ళ బట్టలు ఎవరు ఉతికారు? రాత్రిళ్ళు ఎవరు కాపలా ఉన్నారు? సేవ చేయడానికి వచ్చినవాళ్ళకు సేవ చేసిందెవరు?

ముందు ఆనాటి మిసిసిపీ గురించి కొంచెం చెప్పుకోవాలి. ఓటు వయసు వచ్చిన నల్లజాతివాళ్ళలో నూటికి ఏడుగురికి కూడా అప్పటికి ఓటు లేదు. ఓటరు కావాలంటే పోల్ టాక్స్ కట్టాలి. రాష్ట్ర రాజ్యాంగంలో ఒక సెక్షన్ రాసి దానికి అర్థం చెప్పాలి. చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది తెల్ల రిజిస్ట్రార్. 1962లో మరో చట్టం తెచ్చారు. నమోదు కోసం దరఖాస్తు పెట్టినవాళ్ళ పేర్లు స్థానిక పత్రికలో రెండు వారాలపాటు అచ్చువేయాలి. చూడ్డానికి మామూలు నిబంధన. కానీ పేపర్లో పేరు పడిందంటే భూస్వామికి తెలుస్తుంది, ఇంట్లో పని ఇచ్చే దొరసానికి తెలుస్తుంది, రాత్రిపూట తుపాకులతో తిరిగేవాళ్ళకీ తెలుస్తుంది. పేరు అచ్చులో చూసుకోవడం గౌరవం కాక శిక్ష అయిన చోటు అది.

సన్‌ఫ్లవర్ కౌంటీలో కౌలు కూలి ఫానీ లూ హేమర్ కథ ఇక్కడే మొదలవుతుంది. 1962 ఆగస్టు 31న ఆమె మరికొంతమందితో కలిసి బస్సులో ఇండియనోలా పట్టణానికి వెళ్ళి ఓటరు నమోదుకు ప్రయత్నించింది. ఆమె ఇంటికి తిరిగొచ్చిన కాసేపటికే భూస్వామి వచ్చాడు. దరఖాస్తు వెనక్కి తీసుకో, లేదా ఇల్లు ఖాళీ చెయ్యి అన్నాడు. పద్ధెనిమిదేళ్ళు పనిచేసిన తోట నుంచి ఆమె ఆ రాత్రే బయటికొచ్చింది. రూల్‌విల్ అనే చిన్న ఊళ్ళో టక్కర్ దంపతులు ఆమెకు తమ ఇంట్లో చోటిచ్చారు. సెప్టెంబరు 10 రాత్రి ఆ ఇంటి మీద పదహారు తూటాలు పేలాయి. అదే రాత్రి అదే ఊళ్ళో మరో ఇంట్లో ఇద్దరు అమ్మాయిలకు తూటాలు తగిలాయి. హేమర్ పేరు ఇవాళ ప్రపంచానికి తెలుసు. ఆమెకు చోటిచ్చిన మేరీ టక్కర్ పేరు ఎంతమందికి తెలుసు? మిసిసిపీలో ఒక మనిషికి ఇంట్లో చోటివ్వడం అంటే ఏమిటో విద్యార్థులు రావడానికి రెండేళ్ళ ముందే అక్కడివాళ్ళకు తెలుసునని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

విద్యార్థుల్ని పిలవాలా వద్దా అన్న చర్చ 1963 చివర్లో చాలా తీవ్రంగా జరిగింది. అక్కడ ముందునుంచీ పనిచేస్తున్నది ‘స్నిక్’ అనే యువజన సంస్థ. అందులోని స్థానిక నల్లజాతి కార్యకర్తలు కొందరు వద్దన్నారు. కాలేజీ చదువుల తెల్ల పిల్లలు వస్తే టైపింగు, ఉత్తరాలు, మీటింగులు అన్నీ చకచకా చేసేస్తారు, ఇప్పుడిప్పుడే నోరు విప్పుతున్న మనవాళ్ళు మళ్ళీ వెనక్కి జరిగిపోతారు అని వాళ్ళ భయం. అది అకారణమైన భయం కాదు. అవతలి వాదన ఇంకా చేదుగా ఉంటుంది. నల్లవాళ్ళు చనిపోతే దేశం పట్టించుకోవడం లేదు, తెల్ల పిల్లలు ప్రమాదంలో పడితేనైనా ఇటు చూస్తుంది అన్నది ఆ వాదన. వేరుచేయడాన్ని కూలగొట్టాలని పోరాడుతూ మనమే వేరుగా ఉంటామంటే ఎలా అని హేమర్ వాళ్ళు రావాలనే పట్టుబట్టింది. బాబ్ మోజెస్ నాయకత్వంలో చివరికి రమ్మనే నిర్ణయించారు.

అవతలి వాదన ఎంత నిజమో మొదటి వారంలోనే తేలిపోయింది. ఒహాయో రాష్ట్రంలోని ఆక్స్‌ఫర్డ్ అనే ఊళ్ళో ఒక మహిళా కళాశాలలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చారు. మొదటి జట్టు శిక్షణ ముగించుకుని బయల్దేరగానే, జూన్ 21న, నెషోబా కౌంటీలో ముగ్గురు యువకులు మాయమయ్యారు. జేమ్స్ చేనీ ఆ ప్రాంతపు నల్లజాతి కుర్రాడు. మైకేల్ ష్వెర్నర్, ఆండ్రూ గుడ్‌మన్ న్యూయార్క్ నుంచి వచ్చిన తెల్లవాళ్ళు. తగలబెట్టిన ఒక చర్చిని చూడటానికి వెళ్ళారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. నావికాదళం వాళ్ళను దించి నదులు, చిత్తడి నేలలు వెతికించారు. ఆ వెతుకులాటలో ముందుగా దొరికింది హెన్రీ డీ, చార్లెస్ మూర్ అనే ఇద్దరు నల్లజాతి యువకుల శవాలు. వాళ్ళను మే నెలలోనే చంపేశారు. అప్పటిదాకా వాళ్ళ కోసం ఎవరూ నదులు గాలించలేదు. చేనీ ఒక్కడే మాయమై ఉంటే ఈ కేసును ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదని మైకేల్ భార్య రీటా ష్వెర్నర్ పత్రికలవాళ్ళ ముఖం మీదే చెప్పింది. భర్త ఏమయ్యాడో తెలియని స్థితిలో ఉన్న స్త్రీ ఆ మాట అనగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. ఆగస్టు 4న ఒక మట్టికట్ట కింద ముగ్గురి శవాలూ దొరికాయి. ఈ హత్యల్లో మిసిసిపీ రాష్ట్రం ఒక నేరస్తుడికి శిక్ష వేయడానికి 41 ఏళ్ళు పట్టింది. 2005 జూన్ 21న ఆ తీర్పు వచ్చింది.

ముగ్గురు మాయమైన వార్త విన్నాక కూడా విద్యార్థుల్లో చాలామంది వెనక్కి పోలేదు. వాళ్ళ ధైర్యాన్ని తక్కువ చేసి చూడటం నా ఉద్దేశం కాదు. అదే వార్త విన్నాక తమ తలుపులు మూసుకోని స్త్రీల సంగతేమిటన్నదే నా ప్రశ్న. విద్యార్థులకు ఇరవై ఏళ్ళ వయసు, ఆగస్టు చివర తిరుగు ప్రయాణం ఉన్నాయి. వాళ్ళను ఇంట్లో పెట్టుకున్నవాళ్ళకు పిల్లలున్నారు, అప్పులున్నాయి, తెల్లవాళ్ళ ఇళ్ళలో పాచిపని ఉంది. తిరుగు ప్రయాణం మాత్రం లేదు.

ఆ ఇళ్ళు రెండు మూడు గదులవి. చాలాచోట్ల లోపల కుళాయి ఉండదు, మరుగుదొడ్డి పెరట్లో. ఉన్న ఒక్క మంచి మంచం వచ్చినవాళ్ళకిచ్చి పిల్లల్ని కింద పడుకోబెట్టుకున్నారు. ఇంటి మీద కారు దీపాలు పడితే లేచి కూర్చున్నారు. ఉద్యమ సిద్ధాంతం అహింసే అయినా, చాలా ఇళ్ళలో తుపాకి తలుపు పక్కనే ఉండేది. తన పడకగది మూలల్లో తుపాకి పెట్టుకుంటానని హేమర్ దాచుకోకుండా చెప్పేది. విద్యార్థులు ఇళ్ళకు ఉత్తరాలు రాసుకుని నిద్రపోతే, ఇంటివాళ్ళు వంతులవారీగా మేలుకుని ఉన్నారు. ఆ వేసవిలో 37 చర్చిల మీద బాంబులు వేశారు లేదా నిప్పు పెట్టారు. నల్లజాతివాళ్ళ ఇళ్ళు, దుకాణాలు 30 దెబ్బతిన్నాయి. వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. ఈ అంకెలన్నీ ‘ఉద్యమం మీద దాడులు’ అన్న శీర్షిక కింద ఉంటాయి. ఆ ముప్పైలో ప్రతి ఇంటికీ ఒక వంటగది ఉందని శీర్షిక చెప్పదు.

ఇక్కడ వంటకు రెండు అర్థాలున్నాయి. మిసిసిపీలో నల్లజాతి స్త్రీ తెల్లవాళ్ళకు వండటం కొత్త కాదు. తరతరాలుగా చేస్తున్న పనే. తెల్ల ఇంట్లో వండి, బల్ల మీద వడ్డించి, తాను వంటగదిలో నిలబడి తినాలి. అదే స్త్రీ ఇప్పుడు తన ఇంట్లో, తన బల్ల దగ్గర, ఒక తెల్ల పిల్లను కూర్చోబెట్టి వడ్డించి, పక్కనే తానూ కూర్చుని తిన్నది. వంటకం అదే, వండే చేయి అదే. మారింది ఎవరి ఇల్లు, ఎవరి బల్ల, ఎవరు అతిథి అన్నవే. వేర్పాటు చట్టాల కింద ఇది ఓటరు దరఖాస్తు కన్నా పెద్ద ధిక్కారం. ఆ ఇంటి యజమానురాలు ఇవ్వగలిగింది ఇచ్చింది. వచ్చిన పిల్ల పుచ్చుకుంది. ఇచ్చేవాళ్ళెప్పుడూ పైనా, పుచ్చుకునేవాళ్ళెప్పుడూ కిందా అన్న లెక్క ఆ బల్ల దగ్గర తలకిందులైంది.

పిలుపు విషయం కూడా ఉంది. అక్కడ తెల్లవాళ్ళు నల్లజాతి స్త్రీని ఆమె ఎంత పెద్దదైనా పేరు పెట్టి పిలిచేవాళ్ళు, లేదా ‘ఆంటీ’ అనేవాళ్ళు. ‘మిస్’, ‘మిసెస్’ తెల్ల స్త్రీలకే. 1963లో అలబామా రాష్ట్రంలో మేరీ హామిల్టన్ అనే ఉద్యమ కార్యకర్త కోర్టు బోనులో నిలబడి, తనను ‘మిస్ హామిల్టన్’ అని పిలిచేదాకా జవాబు చెప్పనంది. కోర్టు ధిక్కారం కింద జైలు, జరిమానా వేశారు. 1964 మార్చిలో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. విద్యార్థులు వచ్చింది ఆ తీర్పు వెలువడిన మూడు నెలలకే. ఒక తెల్ల అమ్మాయి ‘మిసెస్ హేమర్’ అని పిలవడం మర్యాద మాత్రమే కాదు, రాజకీయం కూడా. ‘గారు’ అన్న మాట ఎవరికి పెడతాం, ఎవరికి పెట్టం అన్నది తెలిసిన తెలుగువాళ్ళకు ఈ సంగతి విడమరచి చెప్పాల్సిన పనిలేదు.

వచ్చిన అమ్మాయిల పరిస్థితి వేరే కథ. నల్లజాతి యువకుల పక్కన తెల్ల అమ్మాయి వీధిలో కనబడితే అక్కడివాళ్ళ కోపం ఆ యువకుల ప్రాణాల మీదికి వస్తుంది. అందువల్ల వీధుల్లో తిరిగి ఓటర్లను కలిసే పని ఎక్కువగా అబ్బాయిలకూ, బడులూ ఆఫీసులూ అమ్మాయిలకూ వచ్చాయి. వీధి పనికి ఉన్నంత గ్లామరు బడి పనికి లేదు. కానీ ఆ ‘ఫ్రీడమ్ స్కూళ్ళ’ను చూడండి. దాదాపు 40 చోట్ల నడిచాయి. వెయ్యిమంది పిల్లలు వస్తే గొప్ప అనుకుంటే రెండువేల మందికి పైగా వచ్చారు. పిల్లలతోపాటు ముసలివాళ్ళూ కూర్చున్నారు. తమ చరిత్ర తాము చదువుకున్నారు, ప్రశ్నలడగడం నేర్చుకున్నారు, పత్రికలు తీశారు. మెక్‌కోంబ్ పట్టణంలో ఉద్యమ కేంద్రం మీద బాంబు పడ్డాక తరగతులు ఆ ఇంటి ముందు గడ్డిలో జరిగాయి. పెద్దవాళ్ళు భయపడి చర్చి తలుపులు తెరవలేదు. జాయిస్ బ్రౌన్ అనే పదహారేళ్ళ విద్యార్థిని దాని మీద ఒక కవిత రాసింది. అది విన్నాక పెద్దలు చోటిచ్చారు. కవిత్వం వల్ల ఏమవుతుందని అడిగేవాళ్ళకు నేను ఈ ఉదాహరణ చెబుతుంటాను.

ఆ ఏడాది నవంబరులో స్నిక్ సమావేశంలో సంస్థలోని స్త్రీల స్థితి మీద ఒక పత్రం పెట్టారు. మీటింగు మినిట్స్ రాయడం, టైపు కొట్టడం ఆడవాళ్ళ పని, నిర్ణయాలు మగవాళ్ళవి అని ఉదాహరణలతో సహా రాసిన ఆ పత్రం మీద రాసినవాళ్ళ పేర్లు లేవు. నవ్వుతారన్న భయంతో దాచుకున్నారు. ఏడాది తర్వాత, 1965 నవంబరులో, వాళ్ళలో ఇద్దరు, కేసీ హేడెన్, మేరీ కింగ్, పేర్లు పెట్టి మరో పత్రం రాశారు. దాని పేరు ‘సెక్స్ అండ్ కాస్ట్’. 1966లో ఒక పత్రికలో అచ్చయింది. అమెరికాలో రెండో దశ స్త్రీవాదానికి తొలి అడుగుల్లో ఒకటిగా దీన్ని చెబుతారు. స్త్రీల స్థితిని చెప్పడానికి వాళ్ళు ఎంచుకున్న మాట మన దగ్గరి మాటే, కులం. అమెరికా సమాజశాస్త్రంలో అప్పటికే ఆ మాట వాడుకలో ఉంది. జాన్ డాలర్డ్ దక్షిణాది పట్టణంలో కులం, వర్గం గురించి 1937లోనే పుస్తకం రాశాడు. ఆయన అధ్యయనం చేసిన పట్టణం ఇండియనోలా. హేమర్ ఓటు కోసం బస్సెక్కి వెళ్ళిన ఊరే.

ఆ పత్రం విలువ పెద్దది. కానీ నల్లజాతి స్త్రీల నుంచి దానికి ఆశించిన స్పందన రాలేదు. ఎందుకు రాలేదో ఆ ఇళ్ళ వైపు నుంచి చూస్తే కొంత అర్థమవుతుంది. సంస్థ ఆఫీసులో టైపు కొట్టే స్త్రీ శ్రమ ఆ పత్రాల్లో కనబడింది. సంస్థ మొత్తానికి అన్నం పెట్టిన స్త్రీ శ్రమ వాటి పరిధిలోకి రాలేదు. కులం అన్న మాటను పోలికగా వాడుకున్నవాళ్ళకూ, ఆ వ్యవస్థ లోపలే పుట్టి పెరిగినవాళ్ళకూ మధ్య దూరం అంత తేలిగ్గా పోదు. ఈ దూరాన్ని సాహిత్యం ముందుగా పట్టుకుంది. మిసిసిపీ నల్లజాతి అమ్మాయి ఆన్ మూడీ 1968లో రాసిన ఆత్మకథ ‘కమింగ్ ఆఫ్ ఏజ్ ఇన్ మిసిసిపీ’ 1964లో వాషింగ్టన్ వెళ్ళే బస్సులో ముగుస్తుంది. చుట్టూ అందరూ పాడుతుంటారు, ఆమె మాత్రం సందేహంతో కూర్చుని ఉంటుంది. సెలవుల్లో వచ్చినవాళ్ళకు ఉన్న ఉత్సాహం ఏళ్ళ తరబడి పనిచేసి అలసిపోయిన ఆమెకు లేదు. ఆలిస్ వాకర్ 1976 నవల ‘మెరిడియన్’లో ఉత్తరాది నుంచి వచ్చిన తెల్ల అమ్మాయి లిన్, నల్లజాతి స్త్రీ మెరిడియన్ మధ్య స్నేహం, కోపం, రుణం అన్నీ కలగలిసి ఉంటాయి. వాకర్ వాళ్ళిద్దర్నీ తేలిగ్గా రాజీపడనివ్వదు.

ఆగస్టు ముగిసింది. కొద్దిమంది ఉండిపోయారు, ఎక్కువమంది కాలేజీలకు వెళ్ళిపోయారు. మెక్‌కోంబ్‌లో పనిచేసిన మారియో సావియో కాలిఫోర్నియాలో బర్క్‌లీకి తిరిగొచ్చి ఆ శరదృతువులోనే విద్యార్థుల వాక్‌స్వేచ్ఛ ఉద్యమానికి నాయకుడయ్యాడు. 1960ల విద్యార్థి ఉద్యమాల చరిత్ర ఎవరు రాసినా అక్కడ ఆగుతారు. అదే సమయంలో మెక్‌కోంబ్‌లో ఏం జరిగిందో చూద్దాం. ఐలీన్ క్విన్ అక్కడ చిన్న హోటల్ నడిపేది. 1961 నుంచీ ఉద్యమ కార్యకర్తలకు అన్నం పెట్టింది, చాలాసార్లు డబ్బు తీసుకోకుండా. అందరూ ‘మామా క్విన్’ అనేవాళ్ళు. 1964 సెప్టెంబరు 20 రాత్రి ఆమె ఇంటి మీద బాంబు వేశారు. లోపల పిల్లలిద్దరూ ఉన్నారు, బతికి బయటపడ్డారు. ఆమె, ఇళ్ళ మీద బాంబులు పడిన మరో ఇద్దరు స్త్రీలు కలిసి వాషింగ్టన్ వెళ్ళి అధ్యక్షుడు జాన్సన్‌ను కలిసి తమ ఊళ్ళో ఏం జరుగుతోందో చెప్పారు. సెలవులు అయిపోయాక జరిగిన ఈ సంగతి ‘ఫ్రీడమ్ సమ్మర్’ అన్న పేరులో ఇమడదు. సమ్మర్ అయిపోయింది కదా!

హెదర్ బూత్ మరో ఉదాహరణ. అప్పటికి ఆమె షికాగో విశ్వవిద్యాలయంలో పద్ధెనిమిదేళ్ళ విద్యార్థిని. మిసిసిపీలోని షా అనే ఊళ్ళో ఆండ్రూ, మేరీ లూ హాకిన్స్ దంపతుల ఇంట్లో ఉంది. అన్యాయమైన చట్టాన్ని ఎదిరించడం ఆ వేసవిలోనే నేర్చుకున్నానని ఆమె చెప్పింది. తిరిగొచ్చాక 1965లో, గర్భస్రావం నేరమైన రోజుల్లో, స్నేహితుడి చెల్లెలికి సాయం చేయబోయి ‘జేన్’ అనే రహస్య సహాయ బృందానికి నాంది పలికింది. ఆమె మొదట ఆశ్రయించిన వైద్యుడు డాక్టర్ టి.ఆర్.ఎం. హోవార్డ్ కూడా మిసిసిపీలో పౌరహక్కుల కోసం పోరాడి, బెదిరింపుల వల్ల షికాగో చేరినవాడే. ఆ బృందం 1973 దాకా వేల మంది స్త్రీలకు అండగా నిలిచింది. స్త్రీవాద చరిత్రలో జేన్ గురించి అందరూ చదువుకుంటారు.

మరి హాకిన్స్ కుటుంబం? వాళ్ళు షాలోనే ఉన్నారు. ఆ ఊళ్ళో మట్టిరోడ్ల మీద ఉన్న ఇళ్ళలో నూటికి 98, మురుగు కాలువ సౌకర్యం లేని ఇళ్ళలో నూటికి 97 నల్లజాతివాళ్ళవి. ఆండ్రూ హాకిన్స్ ముందుండి పట్టణం మీద కేసు వేశాడు. 1971లో ఫెడరల్ అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. రోడ్డు, నీళ్ళు, వీధిదీపం, మురుగు కాలువ కూడా సమానత్వం కిందికే వస్తాయని చెప్పిన ముఖ్యమైన తీర్పుల్లో ఇదొకటి. నీళ్ళు మోసేది, మురుగు మధ్య వంట చేసేది, రోగమొచ్చిన పిల్లల్ని చూసుకునేది ఎవరో తెలిసినవాళ్ళకు ఇది స్త్రీల కేసు కూడా. హెదర్ బూత్‌కు మంచమిచ్చిన ఇంటివాళ్ళే ఈ హాకిన్స్‌లు. ఒకే ఇంటి నుంచి రెండు చరిత్రలు బయల్దేరాయి. ఒకటి స్త్రీవాద చరిత్రలోకి వెళ్ళింది, రెండోది న్యాయశాస్త్ర పుస్తకాల్లోకి వెళ్ళింది. రెండూ కలిసి తిన్న బల్ల గురించి ఎక్కడా రాసిలేదు.

ఇంత దూరం వెళ్ళి ఇదంతా వెతకడానికి కారణం మా ఇల్లే. మన దగ్గర సెలవుల్లో సేవ అంటే ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో, 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. ‘నా కోసం కాదు, నీ కోసం’ అన్న అర్థం వచ్చే మాట దాని ఆదర్శం. దత్తత తీసుకున్న ఊళ్ళో సెలవుల్లో క్యాంపు వేస్తారు. మొదట్లో పదిరోజులు, తర్వాత ఏడురోజులు. ఆ క్యాంపుకు వెళ్ళినవాళ్ళ జ్ఞాపకాలు మన పత్రికల్లో చాలా వచ్చాయి. నేను క్యాంపు వచ్చిన ఊరి పిల్లని. ప్రకాశం జిల్లాలో ఒక పల్లె మాది, ఊరికి ఎడంగా ఉండే పల్లె.

2000 ప్రాంతంలో ఒక కాలేజీ వాళ్ళు మా ఊరికి క్యాంపు వచ్చారు. మకాం ఊళ్ళో బడిలో, వంట వాళ్ళదే, వంటమనిషిని కూడా వెంట తెచ్చుకున్నారు. పగలు మా పల్లెకు వచ్చి కాలువలు తీశారు, సున్నం కొట్టారు, మొక్కలు నాటారు, పరిశుభ్రత గురించి పాట పాడారు. మధ్యాహ్నానికి భోజనానికి ఊళ్ళోకి వెళ్ళిపోయేవాళ్ళు. మా నాయనమ్మకు ఇది నచ్చలేదు. మన వీధి ఊడ్చిన పిల్లల్ని వట్టి చేతులతో పంపుతామా అంది. ఒక పూట పొగాకు గ్రేడింగు కూలి మానుకుంది. పాలు కొనుక్కొచ్చి, నాలుగిళ్ళలో గాజు గ్లాసులు అడిగి తెచ్చి టీ పెట్టింది. ఇరవైమంది దాకా ఉన్నారు. లోపలికొచ్చి తాగినవాళ్ళు ఇద్దరు. మిగిలినవాళ్ళు వేపచెట్టు కింద నిలబడి, ఇప్పుడే తాగామమ్మా అన్నారు. వాళ్ళ మాస్టారు గడియారం చూపించాడు.

లోపలికొచ్చిన ఇద్దరమ్మాయిల్లో ఒకమ్మాయి గ్లాసు కింద పెట్టి, ‘మీ పేరేంటి మామ్మగారూ’ అని అడిగి నోటుపుస్తకంలో రాసుకుంది. ఊళ్ళో పదేళ్ళ పిల్లలు కూడా ఏమే అని పిలిచే మనిషి మా నాయనమ్మ. ఆ ‘గారూ’ని తలుచుకుని చాలా రోజులు నవ్వింది. నవ్వే, కానీ చాలా ఏళ్ళు చెప్పుకుంది. ఆ పిల్ల నా పేరు రాసుకుపోయింది అనేది. తీసిన కాలువ ఆ వానాకాలానికే పూడిపోయింది. మొక్కలు మేకలు తిన్నాయి. మా ఇంట్లో ఆ క్యాంపు నుంచి మిగిలింది ఆ పిలుపూ, రాసుకున్న ఆ పేరూ.

మిసిసిపీ గురించి చదువుతున్నప్పుడు నాకు అర్థమైంది ఇదే. అక్కడ విద్యార్థులు అతిథులుగా ఉన్నారు. తిండికీ, నిద్రకీ, ప్రాణానికీ ఆ ఇంటి స్త్రీల మీద ఆధారపడ్డారు. ఏం చెయ్యాలో, ఎలా నడవాలో, ఏ రోడ్డు మీద కారు ఆపకూడదో ఆ స్త్రీలే చెప్పారు. వాళ్ళకు బాకీ పడ్డారు. ఆ బాకీ వల్లే మారారు. మన క్యాంపులు బాకీ పడకుండా ఉండేలా ఏర్పాటవుతాయి. బియ్యం మనవే, వంటమనిషి మనవాడే, నీళ్ళ సీసా మనదే. ఎవరి వీధి శుభ్రం చేస్తామో వాళ్ళ చేతి నీళ్ళు తాగం. దీన్ని నిస్వార్థం అంటాం. కులానికి ఇంతకన్నా మర్యాదైన ముసుగు దొరకడం కష్టం. నీ కోసం అన్నప్పుడు ఆ ‘నీ’ దగ్గర నాకు కావలసింది ఏదీ లేదనుకోవడం కూడా ఆ మాటలోనే ఉంది.

మిసిసిపీ సంగతి ఆదర్శంగా ఎత్తిపట్టుకోవడం కూడా సరికాదు. అక్కడా బాకీ తీరలేదు. పేర్లు మరుగున పడ్డాయి, ఇళ్ళు కాలాయి, ఉద్యోగాలు పోయాయి. కానీ ఆ స్త్రీలు ఎదురుచూస్తూ కూర్చోలేదు. ఆ ఆగస్టులోనే హేమర్ డెమొక్రటిక్ పార్టీ మహాసభలో దేశమంతా వినేలా సాక్ష్యమిచ్చింది, రెండు సీట్లు పడేస్తామంటే వద్దని తిరిగొచ్చింది. 1965 ఆగస్టులో ఓటుహక్కు చట్టం వచ్చింది. ఆమె 1969లో సహకార వ్యవసాయ క్షేత్రం పెట్టింది, పేద కుటుంబాలు పెంచుకోవడానికి పందిపిల్లల్నిచ్చే బ్యాంకు నడిపింది. ఓటుతోపాటు కూడు కూడా ఉండాలని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1964లో ఓటరు నమోదుకు వెళ్ళినందుకు పత్తి చేల పని పోగొట్టుకున్న యూనిటా బ్లాక్‌వెల్ 1976లో అదే మేయర్స్‌విల్‌కు మేయరయింది. మిసిసిపీలో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె.

క్యాంపు నివేదికలు ఇప్పుడు నా బల్ల మీదికీ వస్తుంటాయి. ఎన్ని మొక్కలు, ఎన్ని మీటర్ల కాలువ, ఎంతమందికి అవగాహన అన్న గడులు వాటిలో ఉంటాయి. మా విద్యార్థులతో మరో గడి గీయిస్తున్నాను. ఈ ఊళ్ళో మీకు ఎవరు ఏమిచ్చారు? మంచినీళ్ళయినా సరే, దారి చూపించడమైనా సరే. ఇచ్చినామె పూర్తి పేరు, ఆమె చెప్పినట్టే రాయాలి. పోయినేడు వచ్చిన నివేదికల్లో సగం ఆ గడి ఖాళీగా ఉంది. ఒకదాంట్లో మాత్రం పదకొండు పేర్లున్నాయి. ఆ పదకొండులో తొమ్మిది ఊరికి ఎడంగా ఉన్న పల్లెవి.